అంటు కింద చిగురు

కోత పండుగ వేలంలో మైకు నాదే.
నార్పల నుంచి తెచ్చిన షామియానా కింద
గుమ్మడికాయలు, పడి కందులు, కాళ్లు కట్టిన నాటుకోడి,
అన్నిటికంటే ముందు నా చీనీ బుట్టలు:
నున్నగా, ఒకే సైజు, కాయకాయకూ తుడిచిన మెరుపు.
పాస్టరయ్య నా పేరు మూడుసార్లు పలికినాడు.
మూడోసారి తల వంచుకున్నాను,
వంచుకుంటే బాగుంటుందని.

చివర్న దీవెనమ్మ చెంగు విప్పింది.
పదకొండు కాయలు.
మంగు పట్టి తుప్పురంగు తిరిగినవి,
మండీలో ఏరి పక్కకు తోసేవి.
"యాభై!" అన్నాను. ఎవరూ పలకలేదు.
"ముప్పై!" ఎవరో నవ్వినారు.
ఇరవైకి నేనే పాడుకున్నాను,
ఉదారంగా, మైకులోనే.

ఇంటికొచ్చి కోస్తే
ఏం చెప్పను.
ఎస్తేరు రెండో తొన నోట్లో పెట్టుకుని
"ఇది మన తోటలోదేనా?" అంది.
నేను లేచి పోయి సంఘం రిజిస్టరు తీసినాను.
కరువేళ్ల పేజీల్లో చాలా పేర్ల ఎదుట ఖాళీ, నా పేరు ఎదుట కూడా.
ఆమె పేరు ఎదుట, నా చేతిరాతే:
ఒక ఏడాది, శేరు కొర్రలు.
ఒక ఏడాది, చీపురుకట్ట.
ఇంకో ఏడాది వస్తువు పేరేమీ లేదు,
'గుడి ఊడ్చింది' అని ఉంది.

మంగళవారం ఆమె తోటకు పోయినాను,
ఏ ఎరువు వేస్తుందో కనుక్కుందామని.
రెండొందల చెట్లలో నలభై ఆరు మిగిలినాయి.
మూడు బోర్లు ఎండినాయి, నాలుగోదాంట్లో దుమ్మే లేచిందట.
ఓబులేసు బతికుండగా చేయించిన కమ్మలు
రెండు ఎండాకాలాల ట్యాంకర్లలో కరిగిపోయినాయి.
"అంత ప్రార్థన చేసినా వాన రాలేదు గదా?"
సంఘపెద్దను, అడగకూడనిదే అడిగినాను.
ఆమె బకెట్ దించింది.
"వాన రాలేదప్పా.
ఆయన రాలేదని నేను యాడన్నా?"

వంగి, ఒక చెట్టు మొదట్లో
పచ్చపచ్చగా లేచిన చిగురును
బొటనగోటితో గిల్లి పారేసింది.
బలిసిన చిగురు. తోటంతట్లో కళగా ఉన్నది అదొక్కటే.
"అయ్యో" అన్నాను.
"అంటుకు కిందిది. జంబేరి.
వదిలితే పైచెట్టు నీళ్లన్నీ ఇదే తాగుతాది.
ముండ్లు, పులుపు.
దూరం నుంచి చూస్తే మాత్రం తోట శానా పచ్చగుంటాది."
"ఒకసారి గిల్లితే పోతుందా?"
నవ్వింది. నవ్వులో రెండు పండ్లు లేవు.
"నేను బాప్తిస్మం తీసుకుని నలభై ఏండ్లాయ.
పోతాదా?"

నేను మునిగింది పెన్న కాలువలో.
పదిహేనేళ్లు, తెల్లచొక్కా, ముక్కులోకి నీళ్లు,
లేచేసరికి ఒడ్డున అమ్మ ఏడుస్తోంది.
ఆ అంటు గీత నా మీద ఎక్కడుంది?
దానికి పైన ఎంత కాసినాను,
కింద ఎంత బలిసినాను?
ఇరవై ఏళ్ల మైకు,
కంఠతా పట్టిన కన్నీళ్లు,
దశమభాగం కవరు మీద పెద్ద అక్షరాల 'తీతు'.
దూరానికి ఎంత పచ్చ!

ఆమె నాకేమీ బోధించలేదు.
రెండో బకెట్ చేతికిచ్చి వరుస చూపించింది.
పన్నెండో చెట్టు ఎండిపోయిందని నాకే తెలుస్తోంది,
దానికీ పోసింది.
ఎందుకని అడగబోయి ఆగినాను.
పదమూడో చెట్టు దగ్గర వంగినాను,
మట్టి పక్కకు జరిపి వెతికినాను.
ఒకటి దొరికింది, లేతది.

రాత్రి అన్నంలో చెయ్యి పెడితే
గోటి సందులో
ఇంకా ఆ పుల్లటి వాసన.