బొటనేలు ఇవతల

ఎగిలివారంగ లేచి, మంచుల పడి నడిచి
వాగొడ్డు బాయికాడికి వస్త.
కరెంటు స్తంభాలు వాగు అవతలనే నిలవడ్డయి,
ఆరేండ్ల సంది అట్లనే నిలవడ్డయి.
ఇవతల నా రెండెకరాల శనగ,
పాత గొంగడి కప్పుకొని
అయిదు హెచ్‌పీల ఇంజను.

కెరమెరి దిక్కు సలి
మనిషి మీద ఒకతీర్గ ఉంటది,
ఇనుము మీద ఇంకోతీర్గ.
మనిషిని వణికిస్తది.
ఇనుమును మూగ జేస్తది.
లోపట నూనె బెల్లంపాకమైతది,
చక్రం వట్టి ఊపితే
అవతల ఎవరో వట్టుకొని ఇడుస్తలేనట్టు ఉంటది.

మా మామ దీనికి కొబ్బరికాయ కొట్టేది, బొట్టు పెట్టేది,
లేవకపోతే అదే నోటితోని బూతులు తిట్టేది.
నేను మొక్కను. తిట్టను.
దానికి గాలి గావాలె, నూనె గావాలె,
ఇంత ఎచ్చ గావాలె.
నాకు సుత ఇంచుమించు గంతే.

కందికట్టె అంటువెట్టి బకెటు నీళ్లు కాగవెడత.
చాయకు గాదు, దాని తానానికి.
తొట్టిల పోస్తే ఇనుము లోలోపల చిటచిటమంటది.
పానతోని పైపు నట్టు సగం చుట్టు ఇప్పి
బుడగలు బుడగలుగ గాలి పొయ్యి
నిండు డీజిలు కారేదాక
పంపు మీట నొక్కుతనే ఉంట.
నా వేళ్ల వాసన అన్నంల వస్తదని
మా పోరడు మొఖం తిప్పుతడు.
తిప్పనీ.

ఇగ హ్యాండిలు.
దీని సంగతి చెప్పాలె.
మంది గొడ్డలికామ వట్టినట్టు పడుతరు,
నాలుగేళ్లు ఇవతల, బొటనేలు అవతల.
అట్ల వట్టద్దు.
అయిదు వేళ్లు ఒక్క దిక్కే ఉండాలె.
ఎందుకంటె ఇది ఎనకకు తంతది.
తన్నినప్పుడు చెయ్యి దానంతట అదే జారిపోవాలె.
గట్టిగ వట్టుకున్నోని చెయ్యే ఇరుగుతది.

మొండయ్యకు ఇరిగింది.
నా పెనిమిటి.
పోయిన పుష్యంల, గిసొంటి పొద్దుగాలనే.
మంచిర్యాల దవాఖానల రాడ్డేసిండ్రు,
మణికట్టు అతికింది గని వంకర అతికింది,
బుక్క నోటికి జర పక్క నుంచి వస్తది.
బొటనేలు ముచ్చట ఆయన నాకు ఎన్నడు చెప్పలే.
జైనూరు మెకానిక్కు యాకూబ్‌ను అడిగి తెలుసుకున్న.
యాకూబ్ పాన తుడుసుకుంట అన్నడు:
"మీ ఆయనకు సుత చెప్పిన వదినా, రెండుసార్లు."

ఆ మాట నేను ఇంటికి తీస్కపోలే.

మీట లేపుత.
మొదటి చుట్లు నావి,
భుజానియి, నడుమువి.
ఏడో ఎనిమిదో చుట్టుకాడ
చక్రం బరువును చక్రమే మోసుకుంటది.
అప్పుడు మీట ఇడుస్త.

టప్.
అంతే.
ఒక్క ముద్ద తెల్లపొగ లేస్తది, పక్కన నా ఊపిరి లేస్తది,
ఏది ఎవరిదో తెల్వదు.

మల్ల.

గట్టుమీద మంటకాడ మొండయ్య కూసుంటడు.
మంచి చెయ్యి ఒడిల వెట్టుకొని
వంకర చెయ్యిని మంటకు చాపుతడు.
సాయం వస్తననడు. నేను రమ్మనను.
నా చేతి దిక్కే చూస్తడు,
ఇంకా చెప్పాలంటె బొటనేలు దిక్కు.
చూసి
మంటల కట్టె ఇంత లోపటికి ఎగదోస్తడు.

ఇయ్యాల మూడోసారికి లేచింది.
టప్... టప్... టప్ టప్
అవతలి గుట్టల మరో ఇంజను ఉన్నట్టే
అదే సప్పుడు తిరిగొచ్చింది.
పైపు దగ్గింది,
బురద కక్కింది, ఒక చిన్న కప్పను సుత.
కప్ప జరసేపు నన్ను చూసి శనగల వడ్డది.
ఎనక నీళ్లు.

సలికాలం బాయినీళ్లు ఎచ్చగుంటయి.
ఎరుకలేని సంగతేం గాదు,
అయినా రోజూ చేతులు వెట్టి చూస్త.
మొండయ్య లేచొచ్చి పక్కన కూసోని
తన చెయ్యి సుత ధార కింద వెట్టిండు.
ఇంజను సప్పుడుల ఏదో అన్నడు.
"ఆఁ?" అన్న.
మల్ల అనలే.

ఎడమ మడికాడ గట్టు తెగినట్టుంది,
నీళ్లు పక్కకు వోతున్నయి.
పార ఏడ వెట్టిననో.