పద్నాలుగు వాట్లు

రోజుకి పన్నెండు గంటలు చిల్లర్ ప్లాంటులో
చెవులకి మఫ్‌లు బిగించుకుని నిలబడతాను.
ఏనుగంత కంప్రెసర్లు నాలుగు
ఎవరివో టవర్లకి చల్లదనం తోస్తుంటాయి.
గదికొచ్చాక కూడా అవి ఇంకో గంట
నా తలలో తిరుగుతాయి.
అందుకే చీటీ మీద మొదట రాసుకున్న మాట:
చప్పుడు వద్దు.

రెండో మాట పోశెట్టి రాయించాడు.
"కరెంటు బిల్లు ఏడుగురం పంచుకుంటం.
నీ డబ్బా తిండి మా మీద వెయ్యకు."

షార్జాలో, రోలా వెనక సందులో మా గది.
రెండంతస్తుల మంచాలు మూడు, నేల మీద ఒక పరుపు.
ఫోన్లన్నీ నిండిపోయాయి.
బురాన్ దగ్గర కూతురి గొంతు తొమ్మిదేళ్లది,
ఉత్త ఊకొట్టడం నుంచి
"అబ్బా, స్కూల్ ఫీజు" దాకా.
కొమురయ్య తాను పరిచిన ప్రతి మార్బుల్ నేలనీ ఫొటో తీశాడు,
పని అయ్యాక ఆ ఇళ్లలో అడుగు పెట్టనియ్యరు కదా.
పోశెట్టి బామ్మర్దిది ఒగ్గు కథ మేళం,
తెల్లార్లూ డోలు, ఒక్కో కథ ఆరు గంటలు.
కొత్తది రావాలంటే పాతదొకటి చెరపాలి.
ఏది చెరపాలో తోచక బురాన్ ఒకసారి
తనవే, తన మొహం ఉన్నవన్నీ చెరిపేశాడు.

శుక్రవారం బస్సెక్కి బర్‌దుబాయ్ పోయాను.
కొట్లో శశిధరన్ అద్దాల పెట్టె చూపించాడు,
రంగులు మారే ఫ్యాన్లు ఆరు, అచ్చం పెళ్లిపందిరి.
వద్దన్నాను.
బల్ల కింద దుమ్ములో, ఏదో ఆఫీసు ఎత్తేస్తే వచ్చిన
చిన్న కంప్యూటర్ ఒకటి పడి ఉంది.
మీటరుకి తగిలించమన్నాను. ఎనిమిది వాట్లు.
"పాతది చేట్టా, పరిగెత్తదు" అన్నాడు.
నాక్కావలసింది వాచ్‌మన్, గుర్రం కాదు.

డిస్కుల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాను.
తిరగనిది, నోరు మెదపనిది ఉంది,
దాని ధర అందరి మెస్సు రెండు నెలలు.
నిమిషానికి ఏడువేల చుట్లది ఊరికే వేడెక్కుతుంది.
ఐదువేల నాలుగొందల చుట్లది తీసుకున్నాను.
రెండు.
రెండెందుకని గదిలో కొమురయ్య అడిగాడు.
ఒకటి రాసిందే రెండోదీ రాస్తుంది,
ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.
"రెండూ ఒక్కపారే పోతే?"
ఆ సరుకు శశిధరన్ కొట్లో లేదు.

ఫ్యాను ఒకటే, నా అరచెయ్యంత,
పన్నెండు వోల్టులది ఐదింటి మీద
బద్ధకంగా తిరిగేలా తీగ మార్చాను.
డిస్కుల అదురుకి అడుగున రబ్బరు కావాలి.
హవాయి చెప్పు మడమ కోసి ఎనిమిది ముక్కలు చేశాను.
కుడి చెప్పు. ఎడమది ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

అంతా కలిపి పద్నాలుగు వాట్లు.
నెలకి పది యూనిట్లు, మూడు దిర్హాములు,
తలకి సగం కప్పు కరక్ కూడా రాదు.
పోశెట్టి తన ఫోన్లో మళ్లీ లెక్క కట్టి
తన మంచం కిందే పెట్టుకోనిచ్చాడు.

మొదటి రాత్రి కొమురయ్య చెవి ఆనించి విన్నాడు.
"బతికే ఉందా ఇది?"
పచ్చ దీపం చూపించాను.

ఆగస్టులో ఏసీ పోయింది.
టవర్లని చల్లార్చే నేను పడుకునే గదిలోనే.
డిస్కులు యాభై మూడు డిగ్రీలు.
మనుషులకి కొలత పెట్టలేదు.
ఒక్కొక్కరే పరుపులు మేడ మీదికి మోశారు.
బురాన్ మాత్రం నైట్ డ్యూటీ చేసొచ్చి
చెమటలోనే మొద్దునిద్ర పోతున్నాడు.
నేను వంగి బటన్ నొక్కాను.
చుట్లు తగ్గి, తగ్గి, ఆగాయి.

బురాన్ లేచి కూచున్నాడు.
"ఏం ఆగింది?"

ఏసీ ఆగినప్పుడు లేవలేదు ఈ మనిషి.

దాన్ని లుంగీలో చుట్టి ఇద్దరం పైకి తెచ్చాం.
పైన ప్లగ్గు లేదు. అయినా తెచ్చాం.
పరుపుల మధ్య పెట్టి పడుకున్నాం.
పక్క బిల్డింగుల ఏసీలన్నీ మా మీదికి
వేడి ఊదుతున్నాయి.
చీకట్లో పోశెట్టి ఇటు తిరిగాడు.
"ఇప్పుడెన్ని వాట్లు తింటుంది?"
ఏమీ తినదు, అన్నాను.
కొంచెంసేపు ఆగి,
"పాపం" అన్నాడు.