ప్రూఫు కాపీ

నరసన్నపేట బస్టాండు ఎదురుగా
మేడమెట్ల కింద పట్టేంత డీటీపీ సెంటరు నాది.
శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు,
ఆవు పోయిందని అర్జీలు,
ఏడాదికోసారి ఎమ్మెల్యే గారి కరపత్రం.

సభ ఇంక రెండు రోజులేనట.
పీఏ సింహాచలం ఫోనులో చదువుతుంటే కొడుతున్నాను.
అతని వెనకాల ఎవరో
క్యాంటీన్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

"ఒకటి. జీడిపిక్కల ధర గురించి అడిగాము.
రెండు. హైస్కూలు గదులు. మంత్రిగారు సానుకూలంగా స్పందించారు.
మూడు. కొత్తగెడ్డవలస వంతెన.
సభ దృష్టికి తీసుకెళ్ళాము."

మూడోది కొట్టక్కర్లేదు నాకు.
నిరుటి ఫైల్లో ఉంది, ముందటేడు ఫైల్లోనూ ఉంది.
కాపీ, పేస్టు.

పింఛను కాగితం జిరాక్సుకొచ్చిన తవిటమ్మది ఆ ఊరే.
స్క్రీను మీదకి వంగి చదివించుకుంది.
"సబకి కళ్ళున్నాయేటమ్మా?
ఉంటే నాకు మల్లే సుక్లాలొచ్చీసుంటాయి.
నానైతే ఆపరేసను సేయించుకున్నాను" అంది.
ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చి
మూడు రూపాయల చిల్లర గుర్తుచేసి మరీ తీసుకుంది.

రాత్రి పదకొండుకి, షట్టరు సగం దించాక
ఈసారి ఆయనే ఫోను.
సభల్లో విన్న గొంతు కాదు, జలుబు చేసిన గొంతు.
"అమ్మా, ఆ మూడోది చదువు."
చదివాను.
కాసేపు ఏమీ అనలేదు.
ఫ్యాను కిర్రుమనడం వినిపించింది, అక్కడిదో ఇక్కడిదో.

"రెండు నిమిషాలిచ్చారు.
ఒకటిన్నర ధన్యవాదాలకే పోయింది.
గెడ్డ అని మొదలెట్టేసరికి గంట కొట్టారు.
గెడ్డంటే ఏమిటని పక్క సీటాయన అడుగుతున్నాడు.
మైకు ఆగిపోయింది. అయినా చెప్పాను.
పుస్తకాల సంచితో సహా కొట్టుకుపోయి
ఈతమట్ట పట్టుకుని బతికిన పిల్ల సంగతి
నిలబడి, మన యాసలో, అరిచి చెప్పాను.
రికార్డులో లేదు."

"ఏం చెప్పారో చెప్పండి సార్, కొడతాను."
"ఇప్పుడు రాదమ్మా.
ఆ దృష్టి మాట తీసీ.
ఏం పెట్టాలో రేపు చెబుతాను."

తీసేశాను.
మూడు అని అంకె, ఊరి పేరు,
కింద నాలుగు వరసల ఖాళీ.

పొద్దున్నే సింహాచలం కేకలు:
"ఖాళీ ఎవరుంచమన్నారు? జనం నవ్వుతారు.
సార్ దండేసుకున్న ఫోటో పెట్టీ అక్కడ."
పెట్టాను.
అయిదువేలు, పసుపు కాగితం, ఒకవైపు.
ఆయన మళ్ళీ ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.

ఖాళీ ఉన్న ప్రూఫు మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.
కార్డు లామినేషనుకొచ్చిన దాలినాయుడు,
గెడ్డవలస వడ్రంగి,
రాసుకోడానికేటైనా ఇమ్మంటే అదే ఇచ్చాను.
చెవి మీది పెన్సిలు తీసి,
ఫోటో లేని ఆ చోట
ఇరుకిరుగ్గా రాసుకున్నాడు:

వెదుర్లు అరవై.
తాటిదూలాలు నాలుగు, రెండు మా దొడ్లోవి.
కొబ్బరితాడు పన్నెండు కట్లు.
మేకులు తర్వాత.
ఆదివారం ఇంటికో మనిషి.