కలదట

ప్రొద్దుటూరులో, పత్తిమిల్లు సందు చివర,
బొరుగుల అంగడి మిద్దె మీద
రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, నేను.
పెండ్లి పత్రికలు మాకు అన్నం పెడతాయి.
పెద్దకర్మ కార్డులు కరెంటు బిల్లు కడతాయి.
ఈ పుస్తకం మాత్రం
ఓబులేసు సారు మొండితనం మీద వచ్చింది.

"దస్తగిరమ్మా, తొంభై ఏండ్ల కిందటిది,
తుమ్మితే పోతాది" అని
తువ్వాల ముడి విప్పినాడు.
అట్ట లేదు. మొదటి పదహారు పుటలు లేవు.
చివర ఏముండెనో తెలీదు.
పురుగు ఒకటి ఇరవయ్యో పుటలో దిగి
రెండు యుద్ధాలు, ఒక కరువు తొలుచుకుంటా పోయి
ఎనభయ్యారులో తేలింది.

రాసినాయన చెన్నప్ప పంతులు, బడిపంతులు.
సెలవులొస్తే గొడుగు, సద్దిమూట, సున్నపు డబ్బీ.
ఊరూరా శాసనపు రాళ్లకు సున్నం పూసి
అక్షరం తేల్చుకున్నాడు.
చెరువుకట్టలు అడుగులతో కొలిచినాడు.
చెప్పినోళ్ల పేర్లూ వదల్లేదు:
"ఈ సంగతి నాకుఁ జెప్పినది నీరుగంటి నాగన్న.
వయసు తనకే తెలియదు."

నా కీబోర్డులో అరసున్న యాడుందో నాకు తెలీదు.
బండి ఱ మూడు మీటలు కలిపి నొక్కితే గాని లేవదు.
వలపలగిలక అయితే పుట్టనే లేదు.
"ఇప్పటి పిల్లోళ్లకు ఇవన్నీ యాడ అర్థమయితాయి సార్,
తీసేద్దామా?"
ఆయన టీ గ్లాసు చల్లారేదాకా ఆలోచించి
"అక్షరాలు మార్చు. మాట మార్చొద్దు" అన్నాడు.
రాలగొట్టినా అరసున్నలు,
చింతపూత ఊడ్చినట్టు.
సంధులు విడగొట్టినా.
రోజుకు ఎనిమిది పుటలు. నడమ పెండ్లిండ్లు.
మాఘమాసంలో అదీ లేదు.

మూడు వందల కాపీలు అచ్చయి వచ్చినాయి.
ఆ వారమే
జమ్మలమడుగు బస్సు దిగినాడు వెంకటశేషయ్య,
తాత కొన్న ప్రతి సంచిలో పెట్టుకొని.
దానికి అట్ట ఉంది.
చివర, మైదాతో అంటించిన చీటీ ఉంది.
తప్పొప్పుల పట్టిక.
పదకొండు తప్పులు. పది, కంపోజిటరు చేతివి.
పదకొండోది:

"నూటపండ్రెండవ పుట, ఏడవ పంక్తి.
'కోనలో నీరు కలదు' అని యున్నచోట
'కలదట' అని చదువుకొనవలయును.
నేను చూడలేదు."

సారు కడపబండ మీద కూలబడినాడు.

అంతదూరం నడిచినాయన, రాయిరాయికీ వంగినాయన
ఆ ఒక్క కోన చేరలేకపోయినాడు.
జ్వరమో, సెలవులు అయిపోయినాయో.
ఎవరో ఉందన్నారు. రాసేసినాడు.
అచ్చయినాక నిద్ర పట్టలేదేమో,
బడిపంతులు జీతంలో నుంచి
మళ్లీ కాగితం కొన్నాడు, ఒక ట కోసం.

నీళ్లు ఉన్నాయి అనేదానికి
ఉన్నాయట అనేదానికి నడమ
ఎంత దూరమో మా నాయనను అడగాల.
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి
ఒకడు "ఉంది" అన్నాడు.
నాలుగు బోర్లు. తెల్లటి దుమ్ము.
మూడెకరాలు ఇప్పుడు వేరేవాళ్ల పాసుబుక్కులో.
వాడు "ఉందట" అనుంటే
నేను ఈ మిద్దె ఎక్కేదాన్నే కాదేమో.

"మనమూ చీటీ అంటిద్దాం" అన్నాడు సారు.
"ఊడిపోయిన చీటీ వల్లనే కద సార్ ఇదంతా" అన్నా.

కింద నుంచి చాప తెప్పించినా.
ఒక బ్లేడు, ఒక సన్న పెన్ను.
దు కొమ్మును మెల్లగా గీకాల,
కాగితం చిరగకూడదు.
పక్కనుండే చుక్క మీదనే ట దిద్దాల.
శేషయ్య పుట తీసిస్తాడు, సారు ఊది ఆరబెడతాడు.
నూట నలభై దాకా చేయి వణకలేదు.
కరెంటు పోయినాక సెల్ఫోను వెలుతురులో
నాలుగింటికి కొంచెం సిరా అలికింది.
రాత్రి బొరుగులు, మిరపకాయ బజ్జీలు
కిందాయన లెక్క లేకుండా పంపినాడు.

ఎవరైనా ఆ కోనకు పోయి
నీళ్లు కండ్లజూసి వస్తే
ట కొట్టేసుకోవచ్చు. ఎవరి పుస్తకంలో వాళ్లు.

ఆఖరి కాపీ మా నాయనకు ఎత్తిపెట్టినా.
ఆయన అద్దాలు పాతవి.
అందులో ట
కొంచెం పెద్దగా రాసినా.