తొమ్మిదో గడి

లోను ఫారంలో తొమ్మిదో గడి:
పని ఎవరి దగ్గర నేర్చారు, ఇంగ్లీషులో రాయాలి.

పర్లాకిమిడి బ్యాంకు బల్ల మీద
ట్రైనింగ్ అని రాసి కొట్టేశాను,
సర్టిఫికెట్టు అడుగుతారు.
కోచింగ్ అంటే ఫీజు.
గైడెన్స్ అంటే వేలెత్తి చూపడం.
బృందావన మహారణా వేలెత్తలేదు ఎప్పుడూ,
రెండు వేళ్లు లేవు కూడా.

ఆయనది ఒడియా, నాది తెలుగు.
కుంపటి మీద కొమ్ము మెత్తబడేటప్పుడు
"ధీరే" అనేవాడు,
కొమ్ముతోనో, నాతోనో.
నా మణికట్టు పట్టి
కొంగ మెడ దగ్గర ఆపేవాడు. అంతే.

మేనేజరమ్మ గడియారం చూసి
"అండర్ అని రాసేయండి" అంది.

అండర్.
ఆయనది పీట, నాది కింద గోనెసంచి.
ఆయన ఆకురాయి రాల్చిన కొమ్ముపొడి
పదకొండేళ్లు నా తల మీదే పడింది.
సాయంత్రాలు
ఆయన చేసిన దువ్వెనతోనే దువ్వుకునేవాణ్ణి.