నువ్వుల గాదె

పదకొండేళ్లుగా నువ్వుల గాదెలో దాచాను కత్తిని.
తుప్పు పట్టలేదు. నూనెగింజలు కదా,
నాకంటే బాగా చూసుకున్నాయి దాన్ని.

అడవిలోంచి ఓజారా తిరిగొచ్చాడు.
కిట్గుమ్ దారిలో జనమంతా చూస్తుండగా
కోడిగుడ్డు తొక్కి ఇంట్లోకెళ్లాడు.
గుడ్డు పగిలితే మైల పోయినట్టేనట!
సొన అంటిన ఆ పాదమే
ఆ రాత్రి మా తలుపు తన్నింది.

మూడోనాడు నేనే పిలిచాను, జొన్నగంజికి.
కత్తి నా చాప కింద.
గంజి చల్లారకముందే, తలెత్తకుండా అన్నాడు:
"కిడేగా నిద్రలో ఈల వేసేవాడు.
కొట్టినా మానేవాడు కాదు."

ఆ ఈల
నాకూ, ఈ మట్టిగోడకూ తప్ప
ఎవరికి తెలుసు?

"ఎవరు కొట్టారు?"
"నేనే. నన్ను కొట్టినట్టే.
నన్ను పట్టుకెళ్లినప్పుడు నాకు తొమ్మిది."

నీ వయసు అడగలేదే నేను!

ఎన్నాళ్లు నడిచాడు, ఏ వాగు దగ్గర ఆగిపోయాడు,
చివర్లో నన్ను పిలిచాడా...
గిన్నెడు గంజికి ఒక్క ప్రశ్న.
వీణ్ణి నరికితే
నా బిడ్డ రెండోసారి పోతాడు.

పొద్దున్నే కత్తి నూరతాను.
పొద్దుగూకేసరికి ఎసరు పెడతాను, ఇద్దరికి.

ప్రశ్నలు అయిపోవస్తున్నాయి.