సెంట్రింగు

విజయనగరం కంటోన్మెంటు దారిలో మా ఆసుపత్రి.
కింద గది నాది. ఎక్స్‌రే.
పగలూ రాత్రీ ఒకటే ట్యూబులైటు.

గుర్ల నుంచి మోసుకొచ్చారు లెంక అప్పలసూరిని.
రెండో అంతస్తు అంచు మీంచి జారి
ఇసక లారీ తలుపుకి తగిలి పడ్డాడు.
మోకాలి కింది ఎముకలో
వేలెడు ముక్క లేదు.
ఫిల్ములో ఆ చోటు నల్లగా,
వాన కోసుకుపోయిన గట్టులా.

తుంటి ఎముక గీకి ఇందులో నింపొచ్చన్నారు డాక్టరు గారు.
ఆయన ఒప్పుకోలేదు.
"ఒక గొయ్యి కప్పడానికి ఇంకో గొయ్యేటి బావూ?
తట్టలు మోసినోణ్ణి, నాకు తెల్దా ఆ లెక్క?"

అయితే ఇంకోటుందని
చిన్న సీసా చూపించారు.
తెల్లటి పలుకులు. సగ్గుబియ్యం కన్నా సన్నం,
బొంబాయి రవ్వ కన్నా ముతక.
ఏ జీవి ఒంట్లోంచీ తీసింది కాదు,
కొలిమిలో కాల్చి చేసిన సున్నపు జాతి సరుకు.
ధర విని
ఆయన భార్య పోలమ్మ చెవులు తడుముకుంది.
మరుసటి వారం ఆ చెవులకి
చీపురుపుల్లలున్నాయి.

"ఇది ఎముకయిపోతాదా?"
కాదన్నారు. ఇది అక్కడ నిలబడి ఉంటుంది,
దీని సందుల్లోంచి నీ ఎముకే పాకుతుంది,
అది గట్టిపడే కొద్దీ ఇది కరిగిపోతుంది.

అప్పలసూరి నవ్వాడు,
పడ్డాక మొదటిసారి.
"సెంట్రింగే కదా బావూ!
అలగని ముందే సెప్పొచ్చు కదా."

నెలనెలా వచ్చేవాడు.
మొదటి ఫిల్ములో పలుకులు లెక్కపెట్టొచ్చు,
నల్లగుడ్డ మీద ఆరబోసిన నూకల్లా.
మూడో నెలకి అంచులు మసకేశాయి.
ఐదో నెల రాలేదు.
బస్సు చార్జీ లేదని తరవాత తెలిసింది.
ఎనిమిదో నెల
పలుకెక్కడ ఆగిందో ఎముకెక్కడ మొదలయిందో
పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్న నేను చెప్పలేకపోయాను.

ఆయన మాత్రం ఫిల్ము లైటుకెత్తి
ఒక కన్ను మూసి, వేలు పెట్టాడు.
"ఇక్కడ రెండు మిగిలిపోనాయమ్మా.
తియ్యలేదేటి?"
తియ్యకూడదు, వాటంతటవే పోవాలన్నాను.

కాసేపు ఊరుకున్నాడు.
"మమ్మల్నయితే ఇరవయ్యొక్క రోజులకి
సుత్తితో కొట్టి ఊడదీసీమంతారు.
సరుగుడు కర్రలు ఇంకో సైటుకి ఎలిపోతాయి,
ఎనకాల మేమూ.
మళ్లీ ఆ ఇంటికేసి వస్తే
ఎవులు కావాలంతారు."

అని పైకి చూశాడు.
"ఈ గది స్లాబు మాదే.
వాన పడతండగా ఏసినాం."

ఆయన వెళ్లాక
మెషీను ఆపి, బల్ల ఎక్కి చూశాను.
వెల్ల కింద చెక్కల ఆనవాళ్లు,
చేవగీతలతో, ముడులతో సహా.
ఒక మూల వంగిపోయిన మేకు.
పన్నెండేళ్లు దాని కిందే నిలబడి
ఊపిరి బిగపట్టండి, అన్నాను
వచ్చినవాళ్లందరితో.